కారే కప్పూ, పక్కా ఇల్లూ

అక్కా, మబ్బు పట్టిందంటే మన పాతబస్తీలో పెద్దవాళ్ళకు కంటి మీద కునుకుండదని నీకు నేను చెప్పాలా? లాల్‌దర్వాజాలో మా చిన్నమ్మది తాతల నాటి ఇల్లు. కర్ర దూలాలు, పైన డంగు సున్నం. డెబ్బై దాటిన మనిషి, చినుకు పడగానే ముందు మంచం జరుపుతుంది, తర్వాత బియ్యం డబ్బా. ఆఖరికి ఇంటి కాగితాలున్న ట్రంకుపెట్టె మీద ప్లాస్టిక్ కవరు కప్పి, దాని మీద ఇటుక పెడుతుంది.

"ముసలోళ్ళకు ఇల్లు మరమ్మతు చేసుకోనీకి సర్కారు పైసలిస్తదట గద బిడ్డా?" అని మొన్న అడిగింది.

కనుక్కున్నాను. అన్నీ కొత్త ఇళ్ళ పథకాలే. ఇందిరమ్మ ఇళ్ళు 2024 మార్చిలో భద్రాచలంలో మొదలయ్యాయి కదా, సొంత జాగా ఉన్న పేదలకు 5 లక్షలు, అదీ విడతలుగా, ఇంటి ఆడమనిషి పేరు మీద. పట్టణాల ఆవాస్ యోజన రెండో దశ కూడా అదే ఏడు వచ్చింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమైతే సొంత జాగాలో కట్టుకోవడానికి సాయం, ముసలివాళ్ళకూ వితంతువులకూ ముందు వరస. చిన్నమ్మ రెండూనూ! కానీ దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదట. ఆమె గోడలేమో మూరెడు మందం. కప్పు ఎంత కారినా కాగితం మీద అది పక్కా ఇల్లే.

బల్దియా సంగతంటావా? కూలేలా ఉన్న ఇంటికి 1955 నాటి చట్టం 456వ సెక్షన్ కింద నోటీసిస్తుంది. ఖాళీ చెయ్యమంటుంది, కూల్చమంటుంది. ఇల్లు నిలబెట్టుకోవడానికి ఆ నోటీసు వెంట పైసా రాదు.

మిగిలింది వాన నష్టానికిచ్చే సాయం. 2020 అక్టోబరులో చెరువులు తెగి ఫలక్‌నుమా, బండ్లగూడ వైపు మునిగినప్పుడు, కూలిన ఇంటికి లక్ష, కొంత దెబ్బతిన్నదానికి 50 వేలు ప్రకటించారు. అది ఆ ఏటి మాట. 2022 నాటి విపత్తు నిధి నిబంధనల్లోనైతే, కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు. సిమెంటు వస్తుందేమో గానీ మేస్త్రీ రాడు. అదీ విపత్తు వల్లైతేనే. ఏళ్ళుగా కారుతుంటే విపత్తు కాదని ఒక ఆఫీసులో నింపాదిగా చెప్పారు. కింద బిందె పెట్టుకుని రాత్రంతా కూర్చున్నవాళ్ళను అడగాలి, కాదో అవునో!

అందుకే వానకు గోడ జారితే మట్టి ఎత్తకముందే ఫోటో తియ్యి. తహసీల్దారుకు దరఖాస్తు పెట్టు, పంచనామా రాయించు. చిన్నమ్మ పోయినసారి చుట్టాలొస్తున్నారని గంటలో అంతా ఎత్తి, అలికి, ముగ్గేసింది. ఇక దేన్ని చూపిస్తాం?

ఇంకోటి. ఎవరడిగినా ఇల్లు పిల్లల పేర రాసెయ్యకు. ఆ జాగా నీ పేర ఉంటేనే రేపు ఏ పథకానికైనా నీకు దారి. రాయక తప్పకపోతే, నన్ను చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించు. అప్పుడు చూడకపోతే పెద్దవాళ్ళ పోషణకని వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌లో ఆ రాతను రద్దు చేయమని అడగొచ్చు. పెద్దవాళ్ళ హెల్ప్‌లైను 14567, డబ్బులు పడవు. ఆ నంబరు గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకో అక్కా, కారని గోడ చూసుకుని.