నైట్లీలో తెలుగును పరీక్షించు

నంద్యాల



ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పరీక్ష వెర్షన్ నైట్లీ వేసుకున్నానని, వచ్చిపడే మార్పుల్లో దేన్ని పట్టించుకోవాలో తెలియడం లేదని రాశావు. సంతోషం. ముందు ఒక్క కట్టడి. దాన్ని నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంచు. ఆళ్లగడ్డలో మీ నాన్న నెట్ సెంటర్‌లో అడంగల్ కాపీలు తీసే, పరీక్ష దరఖాస్తులు నింపే కంప్యూటర్లలో పెట్టొద్దు. ఆఖరు తేదీ సాయంత్రం ఫీజు కట్టే పేజీ ఆగిపోతే నష్టపోయేది ఎదురుగా కూర్చున్న పిల్లవాడు. నైట్లీకి వేరే ప్రొఫైల్ ఉంటుంది, దాన్ని అట్లే వేరుగా ఉండనీ. కొత్త వెర్షన్‌లో వాడిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్‌లో తెరవబోతే ఫైర్‌ఫాక్స్ ఒప్పుకోదు. బ్యాంకు పాస్‌వర్డులు అందులో దాచొద్దు.

నైట్లీ రోజుకు రెండుసార్లు కొత్తగా తయారవుతుంది. అందులో నిలబడిన మార్పు బీటాకు పోతుంది, అక్కడ నిలబడితే అందరి చేతికీ వస్తుంది. క్రోమ్‌లో కానరీ, దేవ్, బీటా, స్టేబుల్ అని ఇదే వరుస. 2011కు ముందు ఫైర్‌ఫాక్స్ పెద్ద వెర్షన్ కోసం నెలల తరబడి చూసేవాళ్లం. ఆ ఏడాది అయిదో వెర్షన్ నుంచి ఆరు వారాలకొకటి చేశారు, 2020లో దాన్ని నాలుగు వారాలకు తగ్గించారు. అంటే ఒక తప్పు నీ ల్యాప్‌టాప్‌లో కనబడినప్పటి నుంచి మీ నాన్న దుకాణానికి చేరేలోపు దాన్ని ఆపడానికి ఉన్న గడువు కొద్ది వారాలే.

మార్పుల జాబితా చదివేటప్పుడు కొత్తగా చేర్చినవాటి కంటే తీసేసినవాటిని ముందు చూడు. చేర్చింది నచ్చకపోతే వాడకుండా ఉండొచ్చు, తీసేసిన దాని మీద ఆధారపడినవాళ్లకు మాత్రం పని ఆగిపోతుంది. మన తెలుగులోనే దీనికి ఉదాహరణ ఉంది. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లలో దేని ఫాంటు దానిదే. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనబడేవి. నాగార్జున వెన్న తయారుచేసిన పద్మ అనే యాడ్-ఆన్ ఆ పేజీలను అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. ఎంతమంది దానివల్ల తెలుగు చదువుకోగలిగారో! 2017 నవంబర్ 14న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57వ వెర్షన్ పద్మ లాంటి పాత తరహా యాడ్-ఆన్లన్నిటికీ తలుపు మూసేసింది. పత్రికలు అప్పటికి చాలావరకు యూనికోడ్‌కు మారిపోయాయి కాబట్టి మనకు దెబ్బ తగల్లేదు. ఆ మార్పు ముందుగా నైట్లీలో, ఆ తర్వాత బీటాలో కనబడిందే. చూసినవాళ్లకు తయారుకావడానికి సమయం దొరికింది.

ఇక అసలు సంగతి. తెలుగుకు వచ్చే తప్పును తెలుగు చదివేవాళ్లే కనిపెట్టాలి. 2018 ఫిబ్రవరి గుర్తుందా, నువ్వు చిన్నవాడివి. ఒకే ఒక్క తెలుగు అక్షరం అందితే ఐఫోన్లలో మెసేజ్‌లు, వాట్సాప్ లాంటివి మూతపడిపోయాయి. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనబడని విడదీత గుర్తు, చివర దీర్ఘం, ఈ వరుసను ఫోను గీయలేక కూలిపోయింది. ఆ విడదీత గుర్తు వింతదేమీ కాదు, ‘ఫైర్‌ఫాక్స్’ అని రాసేటప్పుడు ర్ కింద ఫ వత్తు పడకుండా మనం వాడేది అదే. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అప్పటికే పరీక్షలో ఉన్న 11.3 బీటాలో మాత్రం ఆ తప్పు లేదు. పరీక్ష వెర్షన్ల విలువ అక్కడుంది.

కాబట్టి కొత్త నైట్లీ రాగానే మన వైపు పేర్లతోనే మొదలుపెట్టు. అహోబిలం స్వామి పేరు ‘లక్ష్మీనరసింహస్వామి’ అని అడ్రస్ బార్‌లో, ట్యాబ్ పేరులో, దరఖాస్తు గడిలో పెట్టి చూడు. క్ష్మీలో కింది వత్తు తెగిపోతోందా? పంక్తి చివర అక్షరం మధ్యలో విరుగుతోందా? కర్సర్ అక్షరం లోపల ఇరుక్కుంటోందా? బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే ఎంత పోతోంది? పేజీని పీడీఎఫ్‌గా దాచి అందులోంచి ‘నంద్యాల’ కాపీ చేస్తే నంద్యాలే వస్తోందా? పేజీలో వెతికేటప్పుడు ఒక జాగ్రత్త: ‘ఆళ్లగడ్డ’ అని వెతికితే ‘ఆళ్ళగడ్డ’ దొరకదు, అది వేరే వరుస. దాన్ని తప్పనుకుని ఫిర్యాదు రాయొద్దు.

తప్పు దొరికితే మామూలు ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, వేరే ఫాంటుతో కూడా చూడు. అక్షరాలను కూర్చే పని ఈ రెండు బ్రౌజర్లలోనూ హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీది. రెండింటిలోనూ ఒకే తప్పుంటే ఫాంటునో, హార్ఫ్‌బజ్‌నో అనుమానించాలి. నైట్లీలో మాత్రమే ఉంటే మోజ్‌రిగ్రెషన్ అనే పనిముట్టు తెచ్చుకో. బాగున్న తేదీ, చెడిన తేదీ చెబితే అది మధ్య తేదీ బ్రౌజర్‌ను దింపి చూపిస్తుంది. బాగుందో లేదో నువ్వు చెబుతావు, అది మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేస్తుంది. 64 రోజుల తేడా అయినా ఆరు మెట్లలో తప్పు పుట్టిన రోజు తెలిసిపోతుంది. ఆ తేదీతో సహా వెళ్లిన ఫిర్యాదును ఇంజనీరు పక్కన పెట్టలేడు.

‘తెలుగు సరిగా రావడం లేదు’ అని రాస్తే తెలుగు రాని ఇంజనీరుకు ఏమీ అర్థం కాదు. ఏం నొక్కావు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఏ వెర్షన్, ఏ ఫాంటు అన్నవి రాయి. స్క్రీన్‌షాట్‌తో పాటు ఆ తెలుగు మాటను టైపు చేసి కూడా పెట్టు, బొమ్మలోంచి వాళ్లు కాపీ చేసుకోలేరు. ఫైర్‌ఫాక్స్ ఫిర్యాదులు నమోదయ్యే బగ్‌జిల్లాలో ముందే ఎవరైనా రాశారేమో వెతికి చూడు.

ఈ ఆదివారం లక్ష్మీనరసింహస్వామి పేరుతో పరీక్ష మొదలుపెట్టు. తప్పు దొరికితే ఫిర్యాదు ఇంగ్లీషులో నువ్వే రాసి, పంపే ముందు నాకు చూపించు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న