సింహం కోసం పరుగెత్తకు

శ్రీకాంత్,

జొహానెస్‌బర్గ్‌లో కారు అద్దెకు తీసుకుని, పిల్లలతో క్రూగర్ వన్యప్రాణుల పార్కుకి నువ్వే నడుపుకుంటూ వెళ్తున్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆగస్టు ఎంచుకోవడం బాగుంది. అక్కడప్పుడు చలికాలం. వానలుండవు, గడ్డి ఎండి పలచబడుతుంది, జంతువులు నీళ్ల దగ్గరికి రాక తప్పదు. తెల్లవారుజామున వణికిస్తుంది, స్వెట్టర్లు పెట్టుకోండి. మలేరియా మాత్రల సంగతి బయల్దేరే ముందే డాక్టర్ని అడుగు.

మనలాగే అక్కడా ఎడమ పక్క నడపడమే కాబట్టి దాంతో పేచీ లేదు. పేచీ అంతా నీ కాలితోనే. తారు రోడ్డు మీద 50, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు. నన్నడిగితే 25 కూడా ఎక్కువే. పార్కు దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు, అంతా చుట్టేద్దామనుకోకు. స్కుకూజా క్యాంపు నుంచి లోయర్ సాబీ క్యాంపు దాకా నది వెంబడి వెళ్లే రోడ్డు ఒక్కటి చాలు, దానికి ఓ పూట పట్టనీ. లోయర్ సాబీ దగ్గర సన్‌సెట్ డ్యామ్ ఒడ్డున ఇంజన్ ఆపి కూర్చోండి. ముందు ఉత్త నీళ్లే కనిపిస్తాయి. కాసేపటికి బండరాళ్లనుకున్నవి చెవులు విదిలిస్తాయి, అవి నీటిగుర్రాలు! ఎక్కడో సింహం కనబడిందని పరుగెత్తేవాళ్లకి చాలాసార్లు కనబడేది ముందు కారు డిక్కీ.

నాకు భయం సింహంతో కాదు, ఏనుగుతో. కంటికీ చెవికీ మధ్య తడిచార కారుతూ, వెనక కాళ్ల మీద మూత్రం బొట్లుబొట్లుగా పడుతూ మగ ఏనుగు వస్తోందంటే మదంలో ఉన్నట్టు. హారన్ కొట్టకు. నెమ్మదిగా వెనక్కి పోనీ. అందుకే ఎక్కడ ఆగినా వెనక దారి ఉంచుకుని ఆగు. గుంపు రోడ్డు దాటుతుంటే మధ్యలో సందు దొరికింది కదా అని దూరకు, పొదలో గున్న మిగిలి ఉండొచ్చు.

కారు దిగేది క్యాంపుల్లోనూ, దిగొచ్చని బోర్డు పెట్టిన చోట్లలోనే. పిల్లల్ని సన్‌రూఫ్‌లోంచి తల బయటపెట్టనివ్వకు. పిక్నిక్ స్థలాల్లో పులిహోర డబ్బా తీసి పక్కకి తిరిగారో, కోతుల పాలే. ఆగస్టులో సాయంత్రం 6కి క్యాంపు గేటు మూస్తారు, 5కే వెనక్కి తిరగండి.

ఖడ్గమృగం కనబడితే ఫొటో మన ఇంటి గ్రూపులో పెట్టు గానీ, ఏ రోడ్డు మీద కనబడిందో ఎక్కడా రాయకు. కొమ్ము కోసం చంపేవాళ్లు అలాంటి కబుర్ల కోసమే కాచుకుని ఉంటారు. ఫోన్లో లొకేషన్ ఇప్పుడే ఆపేసుకో.

మీ మావయ్య