పర్ణశాల

భద్రాచలం వద్ద గోదావరి 53 అడుగులకు చేరినచో మూడవ ప్రమాద హెచ్చరిక వెలువడుతుంది. 1986 ఆగస్టులో ఆ నీటిమట్టం 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. వరద తగ్గిన పిదప తీరగ్రామాలలో సంసారం ఒండ్రును ఎత్తిపోయడంతోనే మళ్ళీ మొదలవుతుంది. కూలిన గోడ స్థానంలో వెదురుతడిక కట్టి, ఇంటిల్లిపాదీ మట్టి మెత్తుతారు. పైన గడ్డి కప్పుతారు.

వాల్మీకి అరణ్యకాండలో లక్ష్మణుడు పంచవటిలో నిర్మించిన పర్ణశాలయు ఇట్టిదే: మట్టిగోడలు, వెదురు వాసాలు, జమ్మికొమ్మలపై దర్భ, రెల్లు కప్పు. ‘ఆకుల పాక’ అని అర్థం చెప్పి ఊరకుండే వ్యాఖ్యాతలు ఆ మట్టిపనిని మరచినట్లే.

ఆ పంచవటి, భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాల గ్రామమేనని స్థానికుల విశ్వాసం. అక్కడికి విహారానికి వచ్చిన తల్లులు వాగురాళ్ళపై రంగుచారలను చూపి, సీతమ్మ నారచీర ఆరవేసిన జాడలని పిల్లలకు చెబుతారు.