బంతి వదిలి విజిల్ పట్టేముందు

బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టింది ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు. 1891 చలికాలంలో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, బయట ఆడే వీల్లేక లోపల అల్లరి చేస్తున్న కుర్రాళ్లను దారికి తేవడానికి జేమ్స్ నైస్మిత్ రెండు పీచ్ పండ్ల బుట్టలు ఎత్తున కొట్టించి, 13 నియమాలు రాసిచ్చాడు. తర్వాత ఆయనే కాన్సస్ విశ్వవిద్యాలయం జట్టుకు కోచ్ అయ్యాడు. గెలిచినవి 55, ఓడినవి 60. ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్ అదే జట్టును 590 మ్యాచ్‌ల్లో గెలిపించాడు. ఆటను పుట్టించినవాడికే కోచింగ్ కలిసి రాలేదంటే, బాగా ఆడాను కాబట్టి బాగా నేర్పుతాననుకోవడం ఎంత ధీమానో చూడండి.

బషీరాబాద్, తాండూరు, వికారాబాద్ వైపు స్కూలుకో కాలేజీకో ఆడిన పిల్లలను కదిలిస్తే ఒకటే మాట: "ఆడినన్ని రోజులు ఆడుతా సార్, తర్వాత కోచింగ్ ఇస్తా." చిక్కంతా ఆ తర్వాతతోనే. మోకాలు మొరాయించినప్పుడో, ఇంట్లో సంపాదన మాట వచ్చినప్పుడో హడావిడిగా విజిల్ పట్టినవాడి చేతిలో చదువు ఉండదు, కాగితం ఉండదు, పిల్లలను ఒక గంటసేపు ఆడించిన అనుభవం కూడా ఉండదు. కోచ్ కావాలనుకుంటే ఆడుతున్న రోజుల్లోనే మొదలుపెట్టండి. మీ స్కూలు పీఈటీ సారును అడిగి, వారానికి రెండు సాయంత్రాలు జూనియర్లను మీరు చూసుకోండి. డబ్బులు రావు. మీకు నేర్పడం వచ్చునో రాదో మాత్రం తెలుస్తుంది.

ముందు తిండి సంగతి. బషీరాబాద్ లాంటి చోట ఒక్క బాస్కెట్‌బాల్ కోచింగ్ మీదే ఇల్లు గడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ వైపు పిల్లలకు కబడ్డీ, వాలీబాల్ అలవాటు. రింగు ఉన్న గ్రౌండ్ దొరకడమే గగనం. కాబట్టి మొదట స్కూల్లో వ్యాయామ ఉద్యోగం, దాని మీద కోచింగ్. ఇంటర్ అయినవాళ్లు యూజీడీపీఎడ్, డిగ్రీ అయినవాళ్లు బీపీఎడ్ చేయవచ్చు. రెండూ రెండేళ్ల కోర్సులే, రెండింటికీ దారి పీఈసెట్ ప్రవేశ పరీక్ష. అందులో పరుగు, షాట్‌పుట్, జంప్‌తో పాటు మీరు ఎంచుకున్న ఒక ఆటలో నైపుణ్య పరీక్ష ఉంటుంది. బాస్కెట్‌బాల్ ఎంచుకోవచ్చు. అయితే రింగు చుట్టూ తిరిగినవాళ్లు 800 మీటర్ల పరుగులో చతికిలబడటం మామూలే. ఆర్నెల్ల ముందు నుంచే పరిగెత్తండి.

సర్కారు కొలువు ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు. 2024 తెలంగాణ డీఎస్సీ ఉపాధ్యాయ నియామకాల్లో మొత్తం 11,062 పోస్టులుంటే అందులో పీఈటీవి 182, అదీ రాష్ట్రం మొత్తానికి. ప్రైవేటు స్కూలు, గురుకులంలో ఒప్పంద ఉద్యోగం లాంటివి కూడా లెక్కలో ఉంచుకోండి. ఇంకా ఆడే వయసులో ఉంటే రైల్వే, ఇతర కేంద్ర శాఖల స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. అక్కడ అడిగేది మీరెన్ని బుట్టలు వేశారని కాదు, ఏ స్థాయిలో ఆడారో చూపే ఏ ఫారం ఉందని. జాతీయ స్థాయికి ఫారం 2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం 3, జాతీయ స్కూలు క్రీడలకు ఫారం 4. టోర్నమెంటు అయిన వారంలోనే సంతకాలు, ముద్రలు వేయించుకోండి. ఐదేళ్ల తర్వాత సంతకం పెట్టాల్సిన కార్యదర్శి ఎక్కడుంటాడో ఎవరికి తెలుసు?

అసలైన కోచ్ చదువు పటియాలాలో ఉంది. 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థ, అందరూ ఎన్ఐఎస్ అనేది, ఏడాది డిప్లొమా ఇస్తుంది. ఉద్యోగం వదల్లేని వాళ్లకు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది. రెంటికీ బరువు ఒకటి కాదు. స్కూలు ఉద్యోగమే కావాలంటే బీపీఎడ్ ముందు. అకాడమీలో, క్రీడా సంస్థలో కోచ్ కొలువు కావాలంటే డిప్లొమాకే విలువ. ఆరు వారాల కాగితంతో అకాడమీ బోర్డు పెట్టేవాళ్లను చూస్తే నాకు కాస్త భయమే.

మన దగ్గర ఆదర్శం అనగానే పుల్లెల గోపీచంద్ పేరు చెబుతారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, ఇల్లు తాకట్టు పెట్టి, 2008లో గచ్చిబౌలిలో బ్యాడ్మింటన్ అకాడమీ తెరిచాడు. గొప్ప కథే. కానీ ఆ దారికి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ కావాలి, తాకట్టుకు ఇల్లు కావాలి, దాత కావాలి, ప్రభుత్వ భూమి కావాలి. మీకు దగ్గరగా ఉండేది హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం కథ. బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దాడు, తర్వాత దేశం జట్టుకు కోచ్ అయ్యాడు. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. పెద్ద ఆటగాడన్న పేరు లేకుండానే ఇదంతా.

ఇక గ్రౌండ్‌లో పని. ముప్పై మంది పిల్లలు, మూడు బంతులు, ఒక్క రింగు అనుకోండి. కొత్త కోచ్ ఏం చేస్తాడు? అందరినీ రింగు ముందు వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరితో షాట్ వేయిస్తాడు. గంటలో ఒక్కో పిల్లవాడి చేతికి బంతి వచ్చేది ఏ ఆరేడు సార్లో. మిగతా సమయమంతా ముందువాడి జుట్టు లాగడమే. దానికి బదులు మూడు జట్లు చేయండి. ఒకటి రింగు దగ్గర, ఒకటి పాసింగ్‌లో, ఒకటి బంతి లేకుండా అడుగులు, మలుపులు, ఆగడం, డిఫెన్స్ నిలబడటం. పది నిమిషాలకొకసారి మార్చండి. బంతి లేని ఆ భాగమే నిజంగా ఆటగాణ్ని చేస్తుంది. పైసా ఖర్చు కూడా లేదు.

చిన్నపిల్లలకు పెద్ద బంతి ఇవ్వకండి. మగవాళ్లది 7వ నంబరు, ఆడవాళ్లది 6, పిల్లలది 5. రింగు ఎత్తు 3.05 మీటర్లు, మినీ బాస్కెట్‌బాల్‌కు 2.60 చాలు. పదేళ్ల పిల్లవాడు పెద్ద బంతిని పెద్ద రింగుకు విసరాలంటే నడుము నుంచి విసురుతాడు, ఆ అలవాటు పదిహేనేళ్లకూ పోదు. సిమెంటు నేల మీద ఆడిస్తే గెంతులు తగ్గించండి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిదిలోపే ముగించండి.

ఆడపిల్లలను పంపడానికి తల్లిదండ్రులు జంకితే తప్పు వాళ్లది కాదు. సమయం రాసివ్వండి, చీకటి పడకముందే వదిలేయండి, టోర్నమెంటుకు తీసుకెళ్తే వెంట ఒక టీచరమ్మో తల్లో ఉండాలని మీరే షరతు పెట్టండి. ఒక్క పిల్లనో పిల్లవాణ్నో పట్టుకుని విడిగా కోచింగ్ ఇవ్వకండి. ఈ కట్టుబాట్లు పిల్లలకు రక్ష, మీ పేరుకూ రక్ష.

కోర్టు సగమే ఉందా? త్రీ ఎక్స్ త్రీ ఆడించండి. జట్టుకు ముగ్గురు, ఒక అదనపు ఆటగాడు, ఒకటే రింగు, పది నిమిషాలు లేదా 21 పాయింట్లు. టోక్యోతో అది ఒలింపిక్ ఆట కూడా అయింది. తాండూరు నాపరాయి పాలిషింగ్ యూనిట్లలో, సిమెంటు ఫ్యాక్టరీల్లో షిఫ్టు పని చేసేవాళ్లు ఐదుగురు ఒకే వేళకు కుదరడం కష్టం గానీ ముగ్గురు కుదురుతారు. ఆదివారం పొద్దున పోటీ పెట్టండి.

రిఫరీ పరీక్ష కూడా రాయండి. మ్యాచ్‌కు ఎంతో కొంత చేతికొస్తుంది, నియమాలు నోటికొస్తాయి. ఫీజు విషయంలో మొహమాటపడకండి. మొదటి నెల ఉచితం అనండి. రెండో నెల నుంచి ఎంతో కాగితం మీద రాసి గేటు దగ్గర అంటించండి. కట్టలేని పిల్లలెవరో మీకూ హెడ్‌మాస్టరుకూ తెలిస్తే చాలు, మిగతా పిల్లల ముందు ఆ పేర్లు పిలవకండి.