ఇంటికి ఎంత నెట్ స్పీడ్ కావాలి? 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకునే ముందు ఈ లెక్క వేసుకోండి

పోయిన వేసవిలో రామచంద్రపురంలో మా ఇంటి నెట్ ప్లాన్ 40 ఎంబీపీఎస్ నుంచి 200కి మార్పించాను. కొత్త ఉద్యోగం, ప్రొబేషన్‌లో ఉన్నాను, ఇంటి నుంచే పని. వీడియో కాల్ మధ్యలో ఆగిపోతుంటే భయమేసి, "స్పీడ్ చాలట్లేదు నాన్నగారూ" అని చెప్పి 499 ప్లాన్ తీయించి 999 ప్లాన్ వేయించాను. 18 శాతం జీఎస్టీ కలిపితే నెలకు 589 కాస్తా 1,179 అయింది. అంటే ఏడాదికి ఏడు వేల పైమాటే. మూడో రోజే క్లయింట్ మీటింగ్‌లో మళ్ళీ అదే చక్రం తిరిగింది. "ఏం మారిందిరా మరి?" అన్నారు నాన్నగారు. నా దగ్గర సమాధానం లేదు.

తప్పు కంపెనీది కాదు, నాదే. మాది పాత మండువా ఇల్లు. ఫైబర్ వీధి వరండా పక్క గదిలో దిగింది, రౌటర్ కూడా అక్కడే ఉంది. నా గది పెరటి వైపు. మధ్యలో అడుగున్నర మందం గోడలు రెండు. ల్యాప్‌టాప్‌ని రౌటర్ దగ్గరకు తీసుకెళ్ళి లాన్ కేబుల్ పెట్టి చూస్తే 94 వచ్చింది (పాత ల్యాప్‌టాప్ పోర్ట్ 100 వరకే ఇస్తుంది, అందుకే అక్కడ ఆగింది). నా గదిలో వైఫై మీద 11. పాత ప్లాన్‌లోనూ ఆ గదిలో అంతే వచ్చేది! కాబట్టి ఫ్రెండ్స్, ప్లాన్ మార్చే ముందు ఈ టెస్ట్ చేయండి. కేబుల్ మీద ప్లాన్ స్పీడ్ వచ్చి, గదిలో రాకపోతే మీకు కావాల్సింది పెద్ద ప్లాన్ కాదు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ గోడ దాటేసరికి నీరసపడుతుంది. 2.4 దూరం వెళ్తుంది, కానీ వేగం తక్కువ. నేను ఇరవై మీటర్ల లాన్ కేబుల్ లాగి, పాత రౌటర్‌నే నా గదిలో యాక్సెస్ పాయింట్‌గా పెట్టాను. ఖర్చు కేబుల్‌కే.

ఇక అసలు లెక్క. ఇంట్లో ఎంతమంది ఉన్నారని కాదు, రాత్రి ఎనిమిదింటికి ఒకేసారి ఏమేం నడుస్తాయో చూడాలి. నెట్‌ఫ్లిక్స్ చెప్పే ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 చాలు. మా ఇంట్లో హాల్లో టీవీ 4కే, అంటే 15. నాన్నగారి ఫోన్‌లో యూట్యూబ్ 5. చెల్లి ఆన్‌లైన్ క్లాస్‌కి 3, నా మీటింగ్‌కి 4. వీధి గుమ్మం దగ్గర కెమెరాకి 2. మొత్తం 29. వెనకాల ఫోన్లు అప్‌డేట్లు లాగుతుంటాయి కాబట్టి ఇంకో సగం కలపండి. 44 అవుతుంది. 40 ప్లాన్ దాదాపు సరిపోతుంది, 50 అయితే నిశ్చింత.

మరి 200, 300 ఎవరికి? పెద్ద ఫైళ్ళు తరచూ దించేవాళ్ళకి. 100 జీబీ గేమ్ 40 ఎంబీపీఎస్‌లో దిగడానికి ఐదున్నర గంటలు, 100లో రెండుంపావు, 300లో ముప్పావు గంట. నెలకోసారి అయితే రాత్రి పెట్టి పడుకోవచ్చు. ఇక్కడ ఒక తికమక ఉంది: ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, డౌన్‌లోడ్‌లో కనిపించేది మెగాబైట్లు. ఎనిమిదితో భాగించండి. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సెకనుకు 12.5 ఎంబీ వస్తే మోసం జరిగినట్టు కాదు. గేమ్ ఆడటానికైతే స్పీడ్ అసలు పెద్దగా అక్కర్లేదు, పింగ్ తక్కువ ఉండాలి.

అప్‌లోడ్ సంగతి చాలామంది అడగరు. అమెరికాలో ఉన్న మామయ్య ఇంటి కెమెరా చూడాలన్నా, మీ ముఖం మీటింగ్‌లో ముక్కలవకుండా ఉండాలన్నా అప్‌లోడే ముఖ్యం. ఫైబర్ ప్లాన్లలో చాలావరకు రెండు వైపులా ఒకే స్పీడ్ ఇస్తారు. డాబా మీద యాంటెన్నా పెట్టే 5జీ ఎయిర్‌ఫైబర్‌లో అప్‌లోడ్ బాగా తక్కువగా ఉంటుంది. మీ వీధిలో రెండూ ఉంటే, వర్క్ ఫ్రమ్ హోమ్‌కి నా ఓటు ఫైబర్‌కే.

మన వైపు ఈ కథ ఎక్కడ మొదలైందో గుర్తుందా? 2016 డిసెంబరులో ఏపీ ఫైబర్ ప్రాజెక్టును మొదట మోరి గ్రామంలో ప్రారంభించారు. అప్పట్లో అది తూర్పు గోదావరి జిల్లాలోదే. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు. 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇళ్ళకి ఇచ్చారు. ఆ 15 ఇప్పటికీ ఒక్క 4కే టీవీకి సరిగ్గా సరిపోతుంది, పక్కన ఇంకేమీ నడవకపోతే.

ప్లాన్ పేజీలో "అన్‌లిమిటెడ్" అని ఉన్నా కింద చిన్న అక్షరాల్లో నెలకు 3,300 జీబీ లాంటి పరిమితి ఉంటుంది. రోజుకు 110 జీబీ అన్నమాట, మామూలు ఇంట్లో దాటదు. దాటాక స్పీడ్ ఎంతకి పడుతుందో మాత్రం అడగండి.

మా వైపు ఇంకోటి చూసుకోవాలి: కరెంటు. గాలివాన వస్తే స్తంభం మీద ఫైబర్ తెగితే మనం చేసేదేమీ లేదు. ఉత్త కరెంటు కోత అయితే మోడెమ్‌కి 12 వోల్టుల మినీ యూపీఎస్ పెడితే నెట్ ఆగదు, ఆపరేటర్ వైపు పరికరాలకి కూడా బ్యాకప్ ఉంటేనే. నేను తర్వాతి బిల్లుకి 40 ప్లాన్‌కి దిగిపోయి, మిగిలిన డబ్బుల్లోంచి ఆ యూపీఎస్ కొన్నాను. కొనేముందు మా ఆపరేటర్ని ఒకటే అడిగాను: "కరెంటు పోతే మీ దగ్గర బ్యాటరీ ఎంతసేపు ఉంటుందండీ?"