సైలెన్సర్ నుంచి ఊపిరితిత్తుల దాకా: మన వాటా పొగ ఎంత?

ఫ్రెండ్స్, మన దూలపల్లికి దగ్గర్లోనే, కొంపల్లి మున్సిపల్ ఆఫీసు దగ్గర గాలి నాణ్యతని కొలిచే స్టేషన్ ఉంది. దాని రీడింగ్ ఫోన్‌లోనే చూడొచ్చు. కానీ మనలో ఎవరు ఎంత పొగ పీల్చారో ఆ నంబర్ చెప్పదు. ఎందుకంటే ఎమిషన్ వేరు, ఎక్స్‌పోజర్ వేరు. బండి వదిలేది ఎమిషన్. అందులో మన ముక్కు దాకా వచ్చేది ఎక్స్‌పోజర్.

పొగలో ఏముంటాయి?

కార్బన్ మోనాక్సైడ్: రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజన్ ఆన్‌లో ఉంచకూడదు.

నైట్రోజన్ డయాక్సైడ్: శ్వాసనాళాల్లో మంట పుట్టిస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకి మరీ ఇబ్బంది.

బెంజీన్: పెట్రోల్‌లో ఉండేదే. క్యాన్సర్ కారకం.

పీఎం 2.5: 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు. ఊపిరితిత్తుల లోపలి గదుల దాకా వెళ్తాయి.

డీజిల్ పొగ మొత్తాన్నీ 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం గ్రూప్ 1 క్యాన్సర్ కారకాల్లో చేర్చింది.

లెక్క చూద్దాం

పీల్చిన మోతాదు = గాలిలో సాంద్రత × నిమిషానికి పీల్చే గాలి × నిమిషాలు. కోడ్‌లో రాస్తే ఒక్క లైనే.

రోడ్డు పక్కన పీఎం 2.5 క్యూబిక్ మీటర్‌కి 50 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. ఊరికే నిలబడితే నిమిషానికి సుమారు 8 లీటర్ల గాలి పీలుస్తాం. బస్సు కోసం 30 నిమిషాలు నిలబడితే 240 లీటర్లు, అంటే 12 మైక్రోగ్రాములు. లేటవుతోందని వేగంగా నడిస్తే నిమిషానికి 25 లీటర్లు అనుకోండి, 10 నిమిషాలకే 250 లీటర్లు. అరగంట నిలబడ్డా, పది నిమిషాలు వేగంగా నడిచినా దాదాపు ఒకటే!

ఇప్పుడు అదే రోడ్డు పక్కన టిఫిన్ బండి నడిపే అన్నని తీసుకోండి. పని చేస్తూ నిమిషానికి 15 లీటర్లు, రోజుకి 10 గంటలు. 9,000 లీటర్లు, అంటే 450 మైక్రోగ్రాములు. మనకంటే 37 రెట్లు ఎక్కువ. స్టేషన్ నంబర్ మాత్రం ఇద్దరికీ ఒకటే.

రూల్స్ ఏమంటున్నాయి?

పీఎం 2.5కి మన దేశంలో 24 గంటల సగటు పరిమితి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 15. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక ఇంధనంలో సల్ఫర్ 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. అయినా పాత బళ్ళు రోడ్డు మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

మనం ఏం చేయొచ్చు?

ఫార్ములాలో మన చేతిలో ఉన్నవి దూరం, టైమ్. హైవే అంచు నుంచి వంద, రెండు వందల మీటర్లు లోపలికి వెళ్తే పొగ బాగా తగ్గుతుంది. కాబట్టి నడకకి, జాగింగ్‌కి లోపలి రోడ్లు ఎంచుకోండి. కర్చీఫ్ కట్టుకుంటే పీఎం 2.5 పెద్దగా ఆగదు. ఎన్95 మాస్క్ కణాల్ని ఆపుతుంది కానీ వాయువుల్ని ఆపదు.

ఇంకొకటి: ఆగి ఉన్న బస్సుల ఇంజన్ ఆఫ్ చేయమని డ్రైవర్ అన్నలని అడుగుదాం. అందరికంటే ఎక్కువసేపు ఆ పొగలో ఉండేది వాళ్ళే.