గీతలు చూసి కొనవచ్చునా?

మిర్చి ధర పడిపోయినప్పుడల్లా మా నాన్న బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, "నిరుడు ఈ రేటు దగ్గరే ఆగి లేచిందిరా, ఇంతకన్నా దిగదు" అంటాడు. పేరు తెలియకపోయినా ఆయన చేసేది టెక్నికల్ అనాలిసిస్సే. అంటే, గడచిన ధరల నడకను బట్టి రాబోయే నడకను అంచనా కట్టడం. ఇందులో వాడే క్యాండిల్ చార్టులు జపాన్ బియ్యం వర్తకంలో పుట్టినవే. ఇప్పుడు క్రిప్టో కొనేవాళ్ళ ఫోన్లలో అవే కనిపిస్తున్నాయి.

కొనదగిన మేర అంటే ఏమిటి? ధర ఇదివరలో ఆగి వెనక్కి తిరిగిన చోటు. అది సన్నని గీత కాదు, పొలం గట్టులాగా కొంత వెడల్పున్న పట్టీ. బిట్‌కాయిన్‌నే చూడండి. 2017 డిసెంబరులో దాదాపు 20,000 డాలర్ల దాకా ఎక్కి పడిపోయింది. 2021 నవంబరులో 69,000 దాకా పోయి, దిగుతూ దిగుతూ 2022 జూన్‌లో ఆ పాత శిఖరం దగ్గరికే వచ్చి, 17,600 ప్రాంతంలో ఆగింది. పాత శిఖరమే కొత్త నేల అవుతుందని ఈ విద్యలో ఒక సూత్రం. అక్టోబరు దాకా ఆ నేల నిలిచింది కూడా. నవంబరులో ఎఫ్.టి.ఎక్స్. అనే ఎక్స్ఛేంజి దివాలా తీసింది. ధర 16,000కు దిగువకు జారింది.

మరి చార్టు అబద్ధమాడిందా? లేదు, అది చెప్పింది ఊహ మాత్రమే. ఏది జరిగితే ఆ ఊహ తప్పని ఒప్పుకుంటామో ముందే రాసిపెట్టుకోవాలి. దాన్నే స్టాప్‌లాస్ అంటారు. 20,000 దగ్గర కొనేవాడు "17,000కు దిగితే అమ్మేస్తాను" అనుకున్నాడనుకోండి, నష్టం నూటికి 15. చేతిలో 10,000 రూపాయలుండి, 300కు మించి పోకూడదనుకుంటే, అతడు 2,000 రూపాయలకే కొనాలి. ఎక్కడ కొనాలో చార్టు చెబుతుంది. ఎంత కొనాలో ఈ లెక్క చెబుతుంది.

"ఓపిక పట్టినవాళ్ళకు 2024లో 70,000 దాటిందిగా?" అనవచ్చు. నిజమే. కాని 2022 మేలో లూనా అనే నాణెం కొద్ది రోజుల్లోనే ఇంచుమించు సున్నా అయింది. అక్కడ ఓపికకు ఫలం లేదు. పైగా మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలోంచి తీసెయ్యనివ్వరు.

నిరుడు నేను మెస్ డబ్బులోంచి మూడు వేలు తీసి, చార్టులో నేల చూసి ఒక నాణెం కొన్నాను. ఆగే చోటు రాసుకోలేదు. ఏడు వందలు మిగిలాయి. నాన్నకింకా చెప్పలేదు. అద్దె పెరుగుతున్నా బస్తాలు బయటికి తీయని ఆయనకు, సంక్రాంతి సెలవుల్లో ఈ వ్యాసం చదివి వినిపించి, నా సంగతీ చెబుతాను.